పాత మూడు చక్రాల బండి.. చూసి ఎంచుకుంటేనే మేలు!

అమెరికాలో ఇసుక తిన్నెలపై, అటవీ బాటల్లో, మంచు మైదానాల్లో సరదా సవారీకి గత శతాబ్దం 70, 80 దశకాల్లో తయారైన మూడు చక్రాల వాహనాలపై మోజు నేటికీ తీరలేదు. కొత్తది కొనే అవకాశం మాత్రం లేదు. ప్రమాదాలు పెరగడంతో అక్కడి వినియోగ వస్తు భద్రతా సంఘం 1987 చివర కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందంతో తయారీ సంస్థలు వీటి అమ్మకాలను నిలిపివేశాయి. భద్రతా ప్రమాణం ఖరారయ్యే వరకు కొత్త మూడు చక్రాల వాహనాల దిగుమతి, పంపిణీ కూడదని 2008 నాటి చట్టం నిర్దేశించింది. పాతవాటిని కొనడానికి, నడపడానికి ఆ నిషేధం వర్తించదు. కనుక నలభై ఏళ్లనాటి బండ్లలోనే మంచిదాన్ని వెతుక్కోవాలి.

వీటి పుట్టుక వెనుక వ్యాపార అవసరం ఉంది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోక అమెరికా డీలర్లు ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. వారికోసం ఏదైనా చేయమని కోరగా హోండా ఇంజినీరు ఒసాము తకేయుచి 1967లో పని ప్రారంభించారు. 1970లో యూఎస్‌90 పేరిట, 595 డాలర్ల ధరకు తొలి బండి వచ్చింది. ఏటీసీ90 అన్న పేరు తర్వాతది. 1971 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లోనూ ఇది పరుగులు తీసింది.

మలుపులోనే ముప్పు

ముందు ఒక చక్రం, వెనుక రెండు.. చూపుకు మన ఆటో అమరికే. పోలిక అంతవరకే. ఆటో వెనుక చక్రాల మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో బయటి చక్రం వేగంగా, లోపలిది నెమ్మదిగా తిరుగుతాయి. ఈ బండ్లలో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. రెండూ సమానంగా తిరగవలసిందే. హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగా పోవాలనే చూస్తుంది. చోదకుడు ఒంటిని మలుపు వైపు వంచుతూ, బరువును బయటివైపు పాదపీఠంపై మోపితే లోపలి చక్రం తేలికై జారుతుంది. అప్పుడే బండి తిరుగుతుంది.

మోటారు సైకిలు అలవాటున్నవారికే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. బండి ఒరిగిందనిపించగానే కాలు నేలకు ఆనించడం వారికి సహజం. ఆ కాలిపైకి వెనుక చక్రం ఎక్కి మనిషిని కిందికి లాగేస్తుంది. నేర్చుకునేవారు ముందుగా మానుకోవలసిన అలవాటు ఇదే.

ఎవరికి ఏది?

కొత్తవారికి 1980 దశకం తొలినాళ్ల హోండా ఏటీసీ185, ఏటీసీ200 వంటివి అనువు. గాలితో చల్లబడే ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ కావడంతో మరమ్మతు సులభం. పొలం పనికీ, సామాను మోతకూ వాడదలిస్తే ‘బిగ్‌రెడ్’ శ్రేణిని చూడవచ్చు. 1984 నాటి ఏటీసీ200ఈఎస్‌లో సెల్ఫ్ స్టార్టు, రివర్స్ గేరు, గొలుసుకు బదులు షాఫ్టు ఉన్నాయి. టూస్ట్రోక్ ఏటీసీ250ఆర్, కవాసకి టెకేట్, యమహా ట్రైజెడ్ పరుగు పందేల జాతివి. ఎక్కువమంది మనసు పడేది వీటిపైనే, మొదటి బండిగా ఎంతమాత్రం తగనివీ ఇవే. హోండావి ఎక్కువగా అమ్ముడైనందున వాటి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. 90 సీసీ దాటిన బండ్లు 16 ఏళ్లలోపు వారికి తగవని 1988 ఒప్పందంలోనే ఉంది. ‘చిన్న బండే కదా’ అని పిల్లల చేతికి 200 సీసీ ఇవ్వడం తప్పు.

కొనే ముందు..

రంగు చూసి మోసపోరాదు. వెనుక భాగాన్ని పైకెత్తి చక్రాన్ని రెండు చేతులతో ఊపాలి. ఆడితే ఇరుసు బేరింగులు అరిగినట్లే. ఛాసిస్‌పై, ముఖ్యంగా హ్యాండిల్ కాండం దగ్గర, పగుళ్లు, తిరిగి వేసిన వెల్డింగు మచ్చలు వెతకాలి. షాక్ అబ్జార్బర్లు లేని తొలి బండ్లలో కుదుపులన్నీ ఛాసిసే భరించింది. ఫోర్‌స్ట్రోక్ బండి నీలిపొగ వదిలితే ఇంజిన్ నూనెను తాగుతోందని గ్రహించాలి. టూస్ట్రోక్‌కు కొంత పొగ మామూలే. బొటనవేలితో నొక్కే ఎక్సలేటర్ వదలగానే వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా దీన్ని పరీక్షించాలి. కేబుల్ ఇరుక్కుంటే బండి చేతికి చిక్కదు. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి.

చివరిగా టైర్లు. తొలి బండ్లలో చాలావాటికి బుడగల్లాంటి ఆ టైర్లే షాక్ అబ్జార్బర్లు. వాటిలో ఉండవలసిన గాలి రెండు పౌండ్ల చుట్టుపక్కల మాత్రమే, అంటే కారు టైరులో ఉండే దానిలో సుమారు పదిహేనో వంతు. కారు గేజీ అంత తక్కువ పీడనాన్ని సరిగా చూపదు. ఇందుకు వేరే గేజీ కొనుక్కోవాలి. గాలి ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది, రెండు వెనుక టైర్లలో హెచ్చుతగ్గులుంటే ఒక పక్కకు లాగుతుంది.