ఆపడం తెలిసిన పెట్టె

“సెల్‌ఫోను రాత్రంతా ఛార్జింగులో పెట్టి పడుకుంటాం కదా సార్, డ్రోను బ్యాటరీకి మాత్రం పక్కనే కాపలా కూర్చోమంటారేం?”

పాలిటెక్నిక్ ల్యాబులో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి మూడు గంటలుగా అతను అదే బల్ల దగ్గర ఉన్నాడు. బ్యాటరీలు నాలుగు, ఛార్జరు ఒకటే. ఒక్కోటి నిండడానికి గంటకు పైగా పడుతోంది. గాల్లోకి లేచాక పది నిమిషాల్లో అయిపోతోంది.

సగం జవాబు మనం పెట్టుకున్న పేరులోనే ఉంది. గోడకు గుచ్చేదాన్ని ఫోను ఛార్జరు అంటాం గానీ, అది కరెంటును తక్కువ వోల్టేజికి దించి ఇచ్చే అడాప్టరు మాత్రమే. అసలు ఛార్జరు ఫోను లోపలి చిప్పు. ఎంత పుచ్చుకోవాలో, ఎప్పుడు చాలనాలో అదే చూసుకుంటుంది. కంపెనీ కెమెరా డ్రోన్ల బ్యాటరీల్లోనూ అలాంటి బుర్ర ఒకటి ఉంటుంది. సొంతంగా బిగించుకునే డ్రోన్లకు వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఉండదు. వెండి రంగు సంచుల్లాంటి మూడు సెల్స్, పైన ప్లాస్టిక్ తొడుగు, రెండు లావు తీగలు, పక్కన తెల్ల కనెక్టరులో నాలుగు సన్న తీగలు. అంతే. బుర్ర బయటినుంచి తేవాలి. ప్రశ్న అడిగిన కుర్రాడు, అతని స్నేహితులు కలిసి ఆ బుర్రను తయారుచేయడానికి పూనుకున్నారు.

ఆపడం విషయంలో పాత బ్యాటరీలది ఒక దారి, కొత్తవాటిది ఇంకో దారి. నికెల్-కాడ్మియం బ్యాటరీ నిండితే తనే సైగ చేసేది. అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన వోల్టేజి సెల్‌కు పది, ఇరవై మిల్లీవోల్టులు వెనక్కి జారేది. ఛార్జర్లు ఆ చిన్న జారుడు కోసమే కాచుకుని ఉండేవి. లిథియం అలా జారదు. పెట్టిన కొద్దీ పుచ్చుకుంటుంది, వోల్టేజి ఎక్కుతూనే ఉంటుంది. రిమోటు విమానాల సరదా ఉన్నవాళ్లు కొందరు మొదట్లో లైపోలను పాత ఛార్జర్లకే తగిలించారు. ఛార్జరు ఎన్నటికీ రాని జారుడు కోసం చూస్తూ ఉండిపోయింది. బ్యాటరీ ఉబ్బింది, పొగలు కక్కింది, అంటుకుంది.

లిథియం సెల్‌కు గీత 4.2 వోల్టులు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను చూపించింది. అందులో కోబాల్టు, ఆక్సిజన్ కలిసి పొరలు పొరలుగా ఉంటాయి. మధ్యలో లిథియం సర్దుకుంటుంది. ఛార్జింగ్ అంటే ఆ లిథియాన్ని పొరల నుంచి లాగి అవతలి గ్రాఫైట్‌లోకి పంపడం. సుమారు సగం దాకా లాగినా పొరలు నిలబడతాయి, ఇంకా లాగితే కుదురు తప్పుతాయి. ఆ హద్దు దగ్గర సెల్ చూపించే వోల్టేజే 4.2. మూడు సెల్స్ వరసగా ఉంటే 12.6.

అక్కడికి చేరే పద్ధతి డెల్టా రైతుకు తెలిసిందే. కాలవ మట్టం ఎత్తుగా, చేను పల్లంగా ఉన్నప్పుడు తూము పూర్తిగా తెరిస్తే గట్టు కొట్టుకుపోతుంది. అందుకని పలక అడ్డుపెట్టి, ఇంతే పారాలని కట్టడి చేస్తారు. 2,200 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీకి ఆ కట్టడి 2.2 ఆంపియర్లు. చేలో నీళ్లు కాలవ మట్టానికి దగ్గరవుతున్న కొద్దీ ఎవరూ పలక దించకుండానే తూములో వడి తగ్గిపోతుంది. బ్యాటరీలోనూ అంతే, చివర్లో కరెంటు తనంతట తనే సన్నబడుతుంది. కుర్రాళ్లు దీనికి పాత ల్యాప్‌టాప్ అడాప్టరును, ఎక్స్‌ఎల్4015 చిప్పున్న చిన్న బోర్డును వాడారు. బోర్డు మీద ఒక బుల్లి మర తిప్పితే వోల్టేజి, ఇంకో మర తిప్పితే కరెంటు.

అసలు చిక్కు ఆ తర్వాతే. మూడు సెల్స్ వరసగా ఉన్నాయి కాబట్టి మూడింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. మూడు మళ్లకూ సమంగా నీళ్లు పెడితే చిన్న మడి ముందు నిండుతుంది. ఛార్జరుకు కనిపించేది మొత్తం లెక్కే. 4.15, 4.15, 4.30 కలిపినా 12.6 అవుతుంది. లెక్క కుదిరింది, మూడో సెల్ మాత్రం గీత దాటింది. తెల్ల కనెక్టరులోని సన్న తీగలు ఉన్నది ఇందుకే, ఒక్కో సెల్‌నూ విడిగా పలకరించడానికి.

నిండిన మడికి మడవ తీసి, ఎక్కువైన నీళ్లను బయటికి వదలాలి. ఆ పనికి దొరికిన వస్తువు టీఎల్‌431. చూడ్డానికి మూడు కాళ్ల మామూలు ట్రాన్సిస్టరులా ఉంటుంది. పాత కంప్యూటర్ల ఎస్ఎంపీఎస్ విప్పితే తరచూ కనిపించేదే. దాని కడుపులో 2.495 వోల్టుల కొలబద్ద ఒకటి ఉంది. తన కొసకు వచ్చే వోల్టేజిని దాంతో పోల్చుకుంటుంది. అంతకు తక్కువైతే నిద్ర, దాటితే మెలకువ. సెల్ వోల్టేజిని 6.8 కిలో ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లతో పంచి ఇస్తే, సెల్ సరిగ్గా 4.19 వోల్టులకు చేరినప్పుడు ఆ కొసకు 2.495 అందుతుంది. ఏ అంగడిలోనైనా దొరికే రెండు రెసిస్టర్లు లిథియం గీత దగ్గరికే తెచ్చి నిలబెట్టడం చూసి కుర్రాళ్లు లెక్కను రెండుసార్లు వేసుకున్నారు. టీఎల్‌431 మేలుకుంటే పక్కనున్న ట్రాన్సిస్టరును లేపుతుంది. అది 20 ఓముల తెల్ల సిమెంటు రెసిస్టరును సెల్‌కు అడ్డంగా కలుపుతుంది. ఐదో వంతు ఆంపియరు అటు మళ్లి వేడిగా పోతుంది. తోడుగా ఒక ఎర్ర ఎల్ఈడీ వెలుగుతుంది. ఇందులో ప్రోగ్రామంటూ ఏమీ లేదు.

అయితే 2.2 ఆంపియర్ల పారకానికి 0.2 ఆంపియర్ల మడవ చాలదు. అందుకే ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు ఆర్డుయినోను తోడు పెట్టారు. ఏ సెల్లయినా 4.22 దాటితే అది కరెంటు కట్ చేసి, కాసేపు ఆగి, మళ్లీ ఇస్తుంది. గీత దాటిందని తెలియాలంటే కొలత కచ్చితంగా ఉండాలి. మూడో సెల్ వోల్టేజి నేరుగా దొరకదు, మూడింటి మొత్తంలోంచి కింది రెండింటినీ తీసేయాలి. ఆర్డుయినో ఉనో 5 వోల్టులను 1,024 మెట్లుగా చూస్తుంది. 12.6ను నాలుగో వంతుకు తగ్గించి ఇస్తే ఒక్కో మెట్టు 20 మిల్లీవోల్టులు. పట్టుకోవాల్సిన తేడాయే 30. అందుకే బ్యాటరీకొకటి చొప్పున, ఇంకా సన్నగా కొలిచే ఏడీఎస్1115 చిప్పులు చేర్చారు. వాటితో మెట్టు అర మిల్లీవోల్టుకు తగ్గింది.

నాలుగు బ్యాటరీలకు వంతులేసేది రిలేలు. పొరపాటున రెండు రిలేలు ఒకేసారి కలిస్తే నిండు బ్యాటరీ ఖాళీ బ్యాటరీలోకి దూకుతుంది. లోపలి నిరోధం మిల్లీ ఓముల్లోనే కాబట్టి పదుల ఆంపియర్లు పారి రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అందుకని రిలేలను గొలుసుగా కలిపారు. మొదటిది లేస్తే కరెంటు మొదటి బ్యాటరీకి, లేవకపోతే రెండో రిలేకు, అక్కడా లేవకపోతే మూడోదానికి. ప్రోగ్రాము ఎంత తప్పినా ఛార్జరుకు ఒక్క బ్యాటరీయే తగులుతుంది.

మొదటి రాత్రి పెట్టె ఆగలేదు.

కరెంటు 0.11 ఆంపియర్లకు తగ్గితే ఆపమని ప్రోగ్రాములో రాశారు. మీటరు 0.2 దగ్గర తిష్ఠ వేసింది. మూడు ఎర్ర దీపాలూ వెలుగుతున్నాయి, సిమెంటు రెసిస్టర్లు వేలు పెడితే చురుక్కుమంటున్నాయి. గంట గడిచాక కాగితం తీసుకుంటే తప్పు కనిపించింది. ఛార్జరు 12.60 దగ్గర ఉంది, మూడు మడవలు తెరుచుకునేది 12.57 దగ్గర. సెల్స్ ఎప్పుడో నిండాయి. వచ్చిన కరెంటంతా మడవల్లోంచి పోతోంది. పరికరం తన సొంత రెసిస్టర్లనే ఛార్జి చేస్తోందన్నమాట! మర కాస్త వెనక్కి తిప్పి 12.54కు దించారు. దీపాలు ఒకటొకటిగా ఆరాయి. కరెంటు 0.15, 0.13, 0.11… టక్.

1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ 2019లో గుడెనఫ్‌కు, విటింగ్‌హామ్‌కు, యోషినోకు నోబెల్ తెచ్చింది. ఇప్పుడది పొలం గట్టు దాకా వచ్చింది. 15,000 మహిళా సంఘాలకు ఉద్దేశించిన నమో డ్రోన్ దీదీ పథకం కిట్టులో అదనపు బ్యాటరీలు నాలుగు సెట్లు, ఛార్జరు కూడా ఉంటాయి. ఛార్జింగుకు సాధారణంగా చెప్పే వేడి హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రెంటచింతల గాలే ఆ గీతను ముట్టుకుంటుంది కాబట్టి, ల్యాబు పెట్టెకు వేడిని కొలిచే ఒక థర్మిస్టరు కూడా తగిలించారు.

ఇప్పుడు నాలుగు బ్యాటరీలూ ఇసక పోసిన మట్టి కుండీల్లో కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నాయి. కాపలా అక్కర్లేదని పెట్టె కట్టిన కుర్రాడు అదే బల్ల దగ్గర రికార్డు రాసుకుంటున్నాడు. రిలే టక్‌మన్నప్పుడల్లా తలెత్తి చూస్తున్నాడు.