మీకు తెలుసా? కుక్కకు తిండి నచ్చిందో లేదో తేల్చేది ముక్కే

మన నాలుక మీద దాదాపు 9,000 రుచి మొగ్గలుంటే, కుక్కకు ఉండేవి 1,700 మాత్రమే. గిన్నెలో పెట్టింది తినాలా వద్దా అన్నది అది ముందుగా ముక్కుతోనే తేల్చుకుంటుంది.

ఆ ముక్కు ఎంత గొప్పదో చూడండి. వాసన పట్టే గ్రాహకాలు మనకు 50-60 లక్షలుంటాయి. కుక్కకు జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉంటాయి. ఊపిరి వదలడంలోనూ తేడా ఉంది. మనం పీల్చిన దారినే గాలిని బయటికి పంపిస్తాం. కుక్క మాత్రం ముక్కుపుటాల పక్కనున్న చీలికల్లోంచి వదులుతుంది. అందువల్ల ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. పైగా ఆ గాలి సుడులు కొత్త వాసనను ముక్కు దగ్గరికి చేరుస్తాయి. లోపలికి వెళ్లిన గాలీ రెండుగా చీలుతుంది: ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతే, కొంత భాగం ముక్కు వెనకవైపున్న వాసన గదికి చేరి అక్కడ కాసేపు నిలుస్తుంది. ఇవి చాలవన్నట్టు, తోటి కుక్కలు వదిలిన రసాయన సంకేతాలను పసిగట్టడానికి అంగిలి పైన జాకబ్‌సన్ అవయవం వేరే ఉంది.

పిల్లికి తీపి తెలియదు, కుక్కకు బాగా తెలుసు. చిక్కంతా అక్కడే. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ దాని ప్రాణాలే తీయగలవు. ద్రాక్ష, కిస్‌మిస్‌ కిడ్నీలను దెబ్బతీస్తాయి. వీటిలో ఏది తిన్నా, లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.