పాదం నుంచి పిడికిలి దాకా

హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిచిన వివరాలు 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. వేలాడదీసిన దిమ్మను ఆయన చేత గుద్దించారు. పిడికిలి అర మీటరు దూరాన్ని సెకనులో పదోవంతులోనే దాటి, సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తగిలింది. తగిలిన 14 మిల్లీసెకన్లలో బలం 4,096 న్యూటన్లకు చేరింది. అంటే రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో 400 కిలోలకు పైగా బరువు వచ్చి పడినంత! మెత్త చుట్టిన ఆరు కిలోల కొయ్య సుత్తి గంటకు 32 కిలోమీటర్ల వేగంతో తలకు తగిలితే ఎలా ఉంటుందో, ఈ గుద్దు అలా ఉంటుందని లెక్క కట్టారు. పదేళ్ల తర్వాత బ్రూనో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అందరికంటే గట్టి గుద్దు ఎవరిదంటే ఒక్కో దేశంవాళ్లు ఒక్కో పేరు చెబుతారు. కామెరూన్‌వాళ్లకు ఫ్రాన్సిస్ ఎంగానూ ఉన్నాడు. చిన్నప్పుడు ఇసుక క్వారీలో పని చేసిన మనిషి. 2017లో ఒక యంత్రం మీద ఆయన గుద్దితే 1,29,161 అని వచ్చింది. ఇది ప్రపంచ రికార్డుగా ప్రచారమైంది. కానీ అవి న్యూటన్లు కావు, ఆ యంత్రానికి మాత్రమే చెందిన యూనిట్లు. వాటిని బ్రూనో అంకెల పక్కన పెట్టి పోల్చలేం. అయినా 2023లో హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ టైసన్ ఫ్యూరీ అంతటివాణ్ణి మూడో రౌండులో కింద పడేశాడంటే ఎంగానూ దెబ్బలో ఎంత సత్తువ ఉందో తెలుస్తూనే ఉంది.

ఆ సత్తువ ఎక్కడిది? కండలు తిరిగిన చేతిది మాత్రం కాదు. సోవియట్ పరిశోధకులు 1985లో 120 మంది బాక్సర్లను పరిశీలించారు. ఆరితేరినవాళ్ల గుద్దులో కాళ్ల వాటా 38 శాతం, నడుము తిప్పడం వల్ల వచ్చేది 37 శాతం, చేయి అందించేది 24 శాతమే. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలో కాళ్ల వాటా 17 శాతం కూడా లేదు, వాళ్లు నడుముతో, చేతితోనే నెట్టుకొస్తారు. వెనక కాలి మునివేళ్లు నేలను తంతే నేల తిరిగి తోస్తుంది. ఆ తోపు తుంటిని తిప్పుతుంది, తుంటి నడుమును, నడుము భుజాన్ని, భుజం మోచేతిని. పై భాగం అందుకునే సరికి కింది భాగం నెమ్మదించాలి. ఈ వరసలో ఎక్కడ తడబడినా బలం అక్కడే ఆగిపోతుంది.

తగిలే క్షణంలో జరిగేది ఇంకా ఆసక్తికరం. అప్పటిదాకా వదులుగా ఉన్న చేయి ఒక్కసారిగా బిగుసుకోవాలి. మణికట్టు వంగిందా, పిడికిలి ఒక్కటే తగిలినట్టు. బిగుసుకుందా, వెనకున్న చేయీ భుజమూ కూడా వచ్చి తగిలినట్టు. ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల గుద్దుల్ని బొమ్మ దవడ మీద కొలిచిన 2005 నాటి అధ్యయనంలో దెబ్బ వెనక పనిచేసిన ద్రవ్యరాశి సగటున 2.9 కిలోలని తేలింది. బరువైన బాక్సర్లు ఎక్కువ బలంగా కొట్టడానికి ప్రధాన కారణం చేతి వేగం కాదు, ఈ ద్రవ్యరాశే.

అలాగని ఒళ్లు బరువుంటేనే గుద్దు బలంగా ఉంటుందనుకోనక్కర్లేదు. జపాన్ బాక్సర్ నవోయా ఇనోవె 53.5 కిలోల తరగతిలో ఆడుతూ 2018లో హువాన్ కార్లోస్ పయానోను 70 సెకన్లలో పడగొట్టాడు. అదే ఏడాది అమెరికాకు చెందిన డియోంటే వైల్డర్, తనకన్నా దాదాపు 20 కిలోలు ఎక్కువున్న ఫ్యూరీని రెండుసార్లు కింద పడేశాడు. వైల్డర్ తొలి 43 గెలుపుల్లో 42 నాకౌట్లే.

నాకౌట్‌కు బలంతో పాటు తగిలిన చోటూ ముఖ్యం. దవడ అంచున తగిలిన దెబ్బ తలను గిర్రున తిప్పుతుంది. నీళ్ల బిందెను చటుక్కున తిప్పితే బిందె తిరుగుతుంది గానీ లోపలి నీళ్లు వెంటనే తిరగవు. పుర్రెలో మెదడు పరిస్థితీ అంతే. వెనకబడిన మెదడులో నాడీతంతువులు సాగుతాయి, స్పృహ తప్పుతుంది. దెబ్బ వస్తోందని కనిపిస్తే మెడ కండరాలు బిగుసుకుని తల తిరగడాన్ని కొంత ఆపుతాయి. అందుకే చూడని దెబ్బ అంత ప్రమాదం. 1994లో 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి పాయింట్లలో వెనకబడి ఉండి, పదో రౌండులో నేరుగా వచ్చిన ఒక్క కుడిచేతి గుద్దు మైకేల్ మూరర్ గడ్డానికి తగిలించి ప్రపంచ టైటిల్ పట్టుకుపోయాడు. వయసుతో వేగం పోయింది, పాదం నుంచి పిడికిలి దాకా ఉన్న వరస పోలేదు.

ఈ నైపుణ్యాన్ని ఎంత మెచ్చుకున్నా, అది పనిచేసేది ఎదుటివాడి మెదడు మీదన్నది నన్ను కలవరపెడుతుంది. గ్లవ్స్ ప్రధానంగా కొట్టేవాడి చేతి ఎముకల్ని కాపాడతాయి. మెదడు తిరగడాన్ని అవి ఆపలేవు. దెబ్బలు తిని తిని తూలే బాక్సర్ల జబ్బు గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. నాకౌట్ కాకుండా ఏళ్ల తరబడి తిన్న దెబ్బలూ ఆ ఖాతాలోకే వస్తాయి.

ఎంత గట్టి గుద్దునైనా తప్పించుకునే దారి ఉంది. దాగెస్తాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడ్డ ఆర్తుర్ బెతెర్‌బియెవ్ తొలి 20 బౌట్లలో 20 మందినీ నాకౌట్ చేశాడు. 2024 అక్టోబరులో రియాద్‌లో ద్మిత్రీ బివోల్ ఎదురయ్యాడు. ఆ పోరు పన్నెండు రౌండ్లూ సాగి బెతెర్‌బియెవ్ పాయింట్ల మీద గెలిచాడు. నాలుగు నెలలకు మళ్లీ పన్నెండు రౌండ్లు, ఈసారి పాయింట్ల మీద గెలిచింది బివోల్. ఆ 24 రౌండ్లలో బివోల్ ఒక్కసారీ కింద పడలేదు. బెతెర్‌బియెవ్ పాదాలు నేల మీద కుదురుకునే లోపే అతను అర అడుగు వెనక్కో పక్కకో జరిగిపోయేవాడు.