ఉపాధ్యాయునికి క్రొత్త సహాయము

మార్కాపురపు నల్లరాతి పలకపై అక్షరములు దిద్దినవారు ఈ వ్యాసము చదువు పంచాయతీ సభ్యులలో పెక్కుమంది యుందురు. ఇప్పుడు ఉపాధ్యాయుల చేతి ఫోనులలోనికి మరియొక ఉపకరణము వచ్చినది. దీనిని కృత్రిమ మేధ యనుచున్నారు. పలకకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. పలకపై మనము వ్రాసినదే యుండును. ఇది తానే వ్రాయును. పాఠము సిద్ధపరచుకొనుటకు ఉపాధ్యాయులు దీనిని ఎట్లు వాడవచ్చునో, అందు పంచాయతీకి గల పని యేమో రాచర్ల మండలమును దృష్టియందుంచుకొని వివరింతుము.

పాఠము చెప్పుట అందరికి కనబడు పని. పాఠము సిద్ధపరచుట కనబడని పని. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికి వారమునకు 45 గంటల పని విధించుచు, సిద్ధపరచుకొను కాలమును కూడ అందులోనే చేర్చినది. అదే చట్టము ప్రకారము 60 మంది వరకు పిల్లలు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రము ఐదు. అనగా ఒకే గదిలో, ఒకే సమయమున, రెండు మూడు తరగతులవారికి వేరు వేరు పని చూపవలెను. ప్రతి తరగతికి, ప్రతి విషయమునకు ప్రణాళిక వ్రాయవలెను. ఈ వ్రాత సాధారణముగా బడి విడిచిన తరువాత ఇంటివద్దనే సాగుచుండును.

ఈ శ్రమను యంత్రము కొంత తగ్గింపగలదు. అది పనిచేయు తీరు తెలిసినగాని దాని మేలు కీడులు తెలియవు. కోట్లకొలది పుటల వ్రాతను ఈ యంత్రములకు ముందుగా చదివించిరి. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో అవి గ్రహించినవి. మనము అడుగగానే ఆ లెక్క ననుసరించి మాటవెంట మాట పేర్చి సమాధానము కూర్చును. హరికథలు చెప్పి చెప్పి నోరు తిరిగిన హరిదాసు ఒక ఘట్టము మరచినను ఆగడు. ముందటి మాటకు అతికినట్లు మరియొక మాట కలుపుకొని సాగిపోవును. ఈ యంత్రము స్వభావమును అట్టిదే. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీతో ఈ విద్య సామాన్యులకు అందినది. జెమినీ మొదలైనవి పిదప వచ్చినవి. తెలుగులో అడిగిన తెలుగులోనే చెప్పును. ఐతే ఇంగ్లీషుతో పోల్చినచో అది చదివిన తెలుగు చాల తక్కువ. నల్లమల అంచున నున్న పల్లెలను గూర్చిన వ్రాత మరింత తక్కువ.

పొరుగున నున్న కర్ణాటకములో ఈ విషయమున ఒక ప్రయత్నము జరిగినది. మైక్రోసాఫ్టు సంస్థవారి భారత పరిశోధనశాలయు, శిక్షణ ఫౌండేషనును కలిసి ‘శిక్షా కోపైలట్’ అను సాధనమును 2023లో బెంగుళూరు పరిసరములందలి ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశపెట్టిరి. ఆ రాష్ట్రపు పాఠ్యపుస్తకములే దానికి ఆధారము. పిదప వేయిమందికి పైగా ఉపాధ్యాయులు దానిని వాడిరి. ప్రణాళికకు పట్టు కాలము తగ్గినదనియు, పిల్లలచేత పనులు చేయించి నేర్పు పాఠములు హెచ్చినవనియు పరిశీలకులు కనుగొనిరి. ఉపాధ్యాయుల కొరతయు, కాగితముల పనియు మాత్రము ఎప్పటివలెనే అడ్డుగా నిలిచినవని కూడ వారే చెప్పిరి. పంచాయతీలు ఈ రెండవ మాటను మరువరాదు. ఖాళీగా నున్న ఉపాధ్యాయ పదవిని ఏ యంత్రమును నింపజాలదు.

ఒక ఉదాహరణము చూతము. రాచర్ల మండలములోని ఒక ఉపాధ్యాయురాలు నీటిని గూర్చి పాఠము చెప్పవలెననుకొందము. ‘నీటిపై పాఠము కావలెను’ అని మాత్రము అడిగినచో ఏ ఊరికైనను సరిపోవునట్టిది, అనగా ఏ ఊరికిని సరిపోనిది వచ్చును. ‘నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కలవు, పిల్లలు 22 మంది, వ్యవధి 40 నిమిషములు, ఇంట దొరకు వస్తువులే వాడవలెను’ అని అడిగినచో ఫలము వేరు. ఇంటికి దినమునకు ఎన్ని బిందెల నీరు పట్టుచున్నదో నాలుగవ తరగతివారు లెక్క పెట్టుట, ఆ లెక్కనే ఐదవ తరగతివారు లీటరులలోనికి మార్చుట వంటి ఉపాయములు వెంటనే లభించును. ఒకే సామగ్రితో రెండు తరగతులకు పని దొరకినది. ఇది నిజమైన సహాయము.

అదే ప్రణాళికలో ‘నీటిని మరగించి త్రాగిన సురక్షితము’ అను వాక్యము కూడ వచ్చుట సంభవము. పుస్తకములలో తరచు కనబడు వాక్యమే యది. పశ్చిమ ప్రకాశములో అనేక బోరుల నీటిలో ఫ్లోరైడు అధికముగా నున్నది. మరగించినచో సూక్ష్మక్రిములు నశించును గాని ఫ్లోరైడు పోదు. నీరు కొంత ఆవిరి కాగా మిగిలిన నీటిలో దాని పాలు ఇంకను హెచ్చును. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లిగ్రాము వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట గరిష్ఠ పరిమితి 1.5 మిల్లిగ్రాములు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై మచ్చలు పడును. పిదప ఎముకలు, కీళ్లు బిగిసికొనును. కనుక ఇతర ప్రాంతములకు మేలైన పాఠము ఇచట పిల్లలను తప్పుదారి పట్టింపగలదు. యంత్రమునకు మన బోరు నీరు తెలియదు. తెలిసినది పంచాయతీకి.

ఊరి పేర్లలోను చిక్కు కలదు. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లాయందును రాచర్ల పేరుతో గ్రామములు కలవు. ఒకదాని సంగతి మరియొకదానికి అంటగట్టుట యంత్రమునకు వింత కాదు. గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు 1970 ఫిబ్రవరి 2 వరకు కర్నూలు జిల్లాలోనివి. పాత వ్రాతలు చదివిన యంత్రము నేటికిని అదే చెప్పవచ్చును. నల్లమలలో పుట్టి నెమలిగుండము మీదుగా దిగి కంబము చెరువును నింపు గుండ్లకమ్మను గూర్చి పిల్లలకు చెప్పవలసియున్నచో, యంత్రము వ్రాసిన ప్రతి వాక్యమును ఊరి పెద్దల మాటతో సరిచూచుకొనుట మంచిది.

ఇక పంచాయతీ పని. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు పంచాయతీల కప్పగింపదగిన విషయములలో చేరియున్నవి. పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులతోపాటు స్థానిక ప్రతినిధులకు స్థానము కలదు. ఉపాధ్యాయుడు ఈ సాధనమును వాడి తీరవలెనని ఎవరును పట్టుపట్టరాదు. వాడినందుకు తప్పు పట్టనురాదు. ప్రణాళిక పుస్తకము అందముగా నున్నదా యని మాత్రమే చూచు తనిఖీ ఎక్కడైన నున్నచో, యంత్రము అట్టి పుస్తకములను రాసులుగా పోయును. పిల్లవానికి ఒరుగునది లేదు. పిల్లల పేర్లు, ఫోటోలు, ఆరోగ్య వివరములు యంత్రమునకు ఈయరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతిని ముఖ్యముగా చెప్పినది. పదమూడేండ్ల లోపు పిల్లలచేతికి ఇట్టి సాధనము తరగతిలో ఈయరాదని యునెస్కో 2023 సెప్టెంబరులో సూచించినది. ఇది ఉపాధ్యాయుని పనిముట్టు మాత్రమే.

పంచాయతీ చేయదగిన మేలైన సాయమునకు డబ్బు ఖర్చు లేదు. ఊరి చెరువుల పేర్లు, వాని క్రింది ఆయకట్టు, పండు పంటలు, వీధి బోరుల నీటి పరీక్షా ఫలితములు ఒక కాగితముపై వ్రాసి ప్రధానోపాధ్యాయునికి అందజేయవలెను. ఉపాధ్యాయుడు ఆ వివరములను ప్రశ్నతోపాటు యంత్రమునకు చెప్పినచో పాఠము ఊరికి దగ్గర యగును. జలజీవన్ మిషన్ క్రింద నీటి పరీక్ష నేర్చిన స్త్రీలు గ్రామములో నున్నచో వారిని ఒకమారు బడికి పిలిచి పిల్లల యెదుట పరీక్ష చేయింపవచ్చును. కాగితముపై పరీక్ష జరిగిన తేదీయు, బోరు ఉన్న వీధియు తప్పక వ్రాయవలెను. ఒకే గ్రామములో ఒక బోరు నీరు మంచిదై, ప్రక్క వీధి బోరు నీరు చెడ్డదై యుండుట కలదు.