ఉక్కు నగరంలో డ్యూరాండ్ కప్పు

భారత సైన్యం నిర్వహించే డ్యూరాండ్ కప్పు ఆసియాలోకెల్లా ప్రాచీనమైన ఫుట్‌బాల్ పోటీ. 1888లో సిమ్లా కొండలలో బ్రిటిష్ పటాలాల వినోదార్థం ఇది ప్రారంభమయింది. ఒక భారతీయ జట్టు దీనిని గెలవడానికి 1940 వరకు పట్టింది. ఆ యేడు ఢిల్లీలో మహమ్మడన్ స్పోర్టింగ్ విజేత అయింది. తరువాత తెలుగునేలకు కూడా ఈ కప్పు వచ్చింది. 1950, 1954, 1957లలో హైదరాబాదు నగర పోలీసు జట్టు, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు దీనిని గెలుచుకున్నాయి. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 ఫైనల్లో ఓడినది మోహన్ బగాన్.

చిరకాలం ఢిల్లీలో, 2019 నుండి కోల్‌కతా కేంద్రంగా జరిగిన ఈ పోటీకి 2024లో జంషెడ్‌పూర్ తొలిసారి ఆతిథ్యమిచ్చింది. ఉత్తరాంధ్ర నుండి ఉక్కు కర్మాగారపు పనికి వెళ్లి స్థిరపడిన తెలుగువారెందరో ఉన్న ఊరది. ఆ కర్మాగారానికి ఇంకా స్థలమే కుదరని 1902లో జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, రాబోయే నగరంలో ఫుట్‌బాల్, హాకీ ఆటలకు విశాలమైన స్థలం విడిచిపెట్టాలని కోరాడు. 1987లో అక్కడ టాటా ఫుట్‌బాల్ అకాడమీ వెలసింది.

2024 పోటీలో ఇరవై నాలుగు జట్లు ఆరు వర్గాలుగా ఆడాయి. ప్రతి వర్గంలోని ప్రథమ జట్టుకు, ద్వితీయ స్థానాలలో మెరుగైన రెండింటికి క్వార్టర్ ఫైనల్ ప్రవేశం. స్థానిక జంషెడ్‌పూర్ ఎఫ్.సి. వర్గదశలోనే వెనుదిరిగింది. సైన్యం జట్టు మాత్రం, వృత్తి క్రీడాకారుల క్లబ్బుల నడుమ, క్వార్టర్ ఫైనల్ చేరింది. సైనికులు, క్లబ్బులు ఒకే బరిలో నిలవడమే ఈ కప్పు ప్రత్యేకత.

ఆగస్టు 23న జంషెడ్‌పూర్‌లో మోహన్ బగాన్, పంజాబ్ జట్లు 3–3తో సమంగా నిలిచాయి. అటువంటప్పుడు ఒక్కొక్క జట్టుకు ఐదేసి పెనాల్టీ కిక్కులిస్తారు. అప్పటికీ తేలకపోతే ఒక్కొక్కటిగా కొనసాగిస్తారు. ఆ విధంగా 6–5తో మోహన్ బగాన్ గట్టెక్కింది. పదిహేడుసార్లు కప్పు గెలిచిన ఆ జట్టు ఆగస్టు 31న కోల్‌కతా ఫైనల్లో, సొంత ప్రేక్షకుల ఎదుట, విరామానికి 2–0 ఆధిక్యంలో ఉంది. గువాహటికి చెందిన నార్త్‌ఈస్ట్ యునైటెడ్ ద్వితీయార్ధంలో రెండు గోల్స్ చేసి స్కోరు సమం చేసింది. పెనాల్టీలలో గోల్‌కీపర్ గుర్మీత్ సింగ్ రెండు కిక్కులను ఆపగా, 4–3తో గెలిచింది. ఆ క్లబ్బుకు అదే మొదటి ట్రోఫీ. 2025లో పోటీ మళ్లీ జంషెడ్‌పూర్‌కు వచ్చింది. ఆ యేడు ఫైనల్లో డైమండ్ హార్బర్‌ను 6–1తో ఓడించి, నార్త్‌ఈస్ట్ యునైటెడ్ కప్పును తనవద్దనే నిలుపుకొంది.