నూనె మరకకు నీళ్లు చివర, నిప్పు దూరం

ఒకప్పుడు మన పల్లెల్లో నల్లని జిడ్డు మరక అంటే ఎక్కువగా ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెనే. ఇప్పుడు చాలా ఇళ్ల ముందు మోటారు సైకిలు ఉంది. వీధిలో ట్రాక్టరు తిరుగుతోంది. పొలంలో డీజిలు ఇంజను, పిల్లవాడికి సైకిలు ఉన్నాయి. వీటితోపాటు ఇంజనాయిలు, గ్రీజు కూడా మన గడప దాటి లోపలికి వచ్చాయి. లుంగీ మీద, చీర కుచ్చెళ్ల మీద, వసారా గచ్చు మీద ఆ మరక కనబడని ఇల్లు అరుదు.

మరక చిన్నదే గాని, అది తెచ్చే ఇబ్బంది చిన్నది కాదు. గొలుసు బాగుచేసిన ఇంటాయన చేతులు తువ్వాలుకు తుడుచుకుంటాడు. ఆ తువ్వాలు పిల్లల స్కూలు బట్టలతో కలిసి ఒకే బకెట్టులో నానుతుంది. ఒక మరక నాలుగవుతుంది. ఉతికే ఇల్లాలికి విసుగు, ఇద్దరి మధ్య మాటలు. ఆ తొందరలో ఎవరో పెట్రోలు సీసా తీసుకుని వస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. బట్ట పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఒళ్లు కాలితే తిరిగి కొనుక్కోలేము. కనుక ఈ మరకలను వదిలించే పద్ధతిని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మరకలో ఏమున్నది?

కొత్త ఇంజనాయిలు తేనె రంగులో ఉంటుంది. ఇంజనులో తిరిగిన కొద్దీ దానిలో మసి, అరిగిన లోహపు పొడి కలిసి నల్లబడుతుంది. గ్రీజు అంటే చిక్కగా నిలబడేలా చేసిన నూనెయే. కాబట్టి ఈ మరకలో రెండు ఉన్నాయి: ఒకటి నూనె, రెండవది మసి. నూనె నీటిలో కరగదు. అందుకే మరక పడగానే నీళ్లు పోసి రుద్దితే నూనె పోదు సరిగదా, మసి దారాలలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ముందు పొడి, తరువాత సబ్బు, చివర నీళ్లు. ఈ వరుస తప్పకూడదు.

బట్టల మీద

మరక పడిన వెంటనే పాత గుడ్డతోగాని, కాగితంతోగాని అద్దండి. రుద్దవద్దు. గ్రీజు అయితే చెంచా అంచుతో మెల్లగా గీకి తీయండి. తరువాత ముఖానికి రాసుకునే పౌడరుగాని, శనగపిండిగాని మరక మీద మందంగా చల్లి అరగంట వదలండి. పొడి నూనెను పీల్చుకుంటుంది. దానిని దులిపి, బట్ట పొడిగా ఉండగానే గిన్నెలు తోమే ద్రవపు సబ్బు నాలుగు చుక్కలు వేసి వేలితో అద్దండి. అది లేకపోతే బట్టల సబ్బును కొంచెం తడిచేసి పట్టించండి. పావుగంట తరువాత గోరువెచ్చని నీటితో ఉతకండి. మొదటిసారి పోకపోతే మళ్లీ సబ్బు పట్టించండి.

ఎండిపోయిన పాత గ్రీజు మరకకు ముందుగా కాస్త కొబ్బరినూనె రాయండి. గట్టిపడిన జిడ్డు మెత్తబడుతుంది. ఆ తరువాత సబ్బు పట్టిస్తే రెండూ కలిసి వస్తాయి. ముతక నూలు బట్టలకు నీటిలో చాకలి సోడా కలుపుకోవచ్చు. పట్టుకు, ఉన్నికి మాత్రం సోడా పనికిరాదు, పోగులు పాడవుతాయి. పట్టుచీర మీద పడితే పౌడరు చల్లి దులపడం, కుంకుడు రసంతో మెల్లగా అద్దడం మంచిది. ఏ బట్టకైనా ముందు కనబడని అంచున చూసుకుని చేయండి.

మరక పూర్తిగా పోకముందు ఎండలో ఆరవేయవద్దు, ఇస్త్రీ అసలే చేయవద్దు. వేడి తగిలితే మరక బట్టను పట్టుకుని కూర్చుంటుంది.

చేతులకు

మెకానిక్కులు చాలామంది చేతులను పెట్రోలుతోనో డీజిలుతోనో కడుగుతారు. అది జిడ్డుతోపాటు చర్మంలో సహజంగా ఉండే నూనెను కూడా లాగివేస్తుంది. చేతులు పగిలి మంట పుడతాయి. కొబ్బరినూనె రాసి బాగా పిసికి, పాత గుడ్డతో తుడిచి, సబ్బులో ఒక చెంచా పంచదార కలిపి రుద్దుకుంటే గోళ్ల సందుల్లోని నలుపు కూడా చాలావరకు వస్తుంది. వాడిన ఇంజనాయిలు ఏళ్ల తరబడి చర్మానికి తగులుతూ ఉండటం మంచిది కాదు. చేతులు శుభ్రం కాకుండా అన్నం కలపవద్దు, పసిబిడ్డను ఎత్తుకోవద్దు.

గచ్చు మీద, నేల మీద

గచ్చు మీద నూనె ఒలికితే ముందు ఊకగాని, రంపపు పొట్టుగాని, పొడి ఇసుకగాని చల్లండి. లేకపోతే పెద్దవాళ్లు కాలు జారి పడతారు. బూడిద చల్లేవారు అది పూర్తిగా చల్లారినదో లేదో చూసుకోవాలి. రాత్రంతా ఉంచి ఊడ్చి, చాకలి సోడాను కొంచెం నీటితో ముద్దగా కలిపి పూసి, గంట తరువాత గట్టి బ్రష్షుతో రుద్దండి. సోడా చేతులను కొరుకుతుంది కనుక చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి.

కొందరు మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తారు. అది నూనెను తీయదు, గచ్చును తింటుంది. కడప, తాండూరు బండలు సున్నపురాళ్లే గనుక వాటి నునుపు పోతుంది. యాసిడ్‌ను, బ్లీచింగ్ పొడిని ఎన్నడూ కలపవద్దు. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు వస్తుంది.

మట్టి నేల అయితే నూనె తాగినంత మేర మట్టిని తవ్వి తీసి, కొత్త మట్టి వేసి అలకడమే మార్గం. ఊడ్చిన ఊకను పొయ్యిలో వేయవద్దు, పశువులకు అందనీయవద్దు.

పెట్రోలు ఇంట్లోకి వద్దు

పెట్రోలు మామూలు చల్లదనంలో కూడా ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. నేల వెంట పాకుతూ పక్క గదిలోని పొయ్యి దాకా, దీపం దాకా పోతుంది. మంట మన దగ్గర లేదుగదా అనుకుంటే చాలదు, మంటను ఆవిరే వెదుక్కుంటూ పోతుంది. కిరసనాయిలు అంత త్వరగా అంటుకోకపోయినా, సుమారు 38 డిగ్రీల వేడిలో అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. వీటితో తడిసిన బట్టను వాషింగ్ మిషనులో వేయడం కూడా ప్రమాదమే.

ఇంకొక మాట. నీళ్ల సీసాలోగాని, కూల్‌డ్రింకు సీసాలోగాని కిరసనాయిలు, పెట్రోలు పోసి ఉంచవద్దు. దాహం వేసిన బిడ్డ సీసానే చూస్తుంది, లోపల ఉన్నదేమిటో దానికి తెలియదు. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించవద్దు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

వాడిన నూనె ఎక్కడ పోయాలి?

మోటారు సైకిలులో రమారమి ఒక లీటరు, ట్రాక్టరులో ఏడెనిమిది లీటర్లు ఇంజనాయిలు ఉంటుంది. మార్చినప్పుడు తీసిన నూనెను కాలువలోనో, బావి పక్కనో పారబోయడం తగదు. అది భూమిలోకి దిగితే మనం తాగే నీటిలోకే వస్తుంది. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నియమావళిలో వాడిన నూనె కూడా ఉన్నది. గోమార్లు పోతాయని పశువుల ఒంటికి పూసేవారున్నారు. దానిలోని మసిని, లోహాన్ని పశువు నాకుతుంది గనుక అది కూడదు. మూత ఉన్న డబ్బాలో పట్టి, నూనె సేకరించే మెకానిక్ షాపులో ఇవ్వండి.

చివరిగా ఇంటి యజమానులకు ఒక మనవి. బండి పనికి ఒక పాత చొక్కా, ఒక పాత లుంగీ, ఒక తుడుపు గుడ్డ విడిగా పెట్టుకోండి. వాటిని వసారాలో మేకుకు తగిలించండి, ఇంటి బట్టలలో కలపవద్దు. మరక పడితే పౌడరు చల్లి, సబ్బు పట్టించే పని మీరే చేసి, ఆ తరువాతే బట్టను ఇల్లాలి చేతికి ఇవ్వండి. మరక తెచ్చినవారు ఆ అరగంట శ్రమ పంచుకుంటే బట్ట తెల్లగా ఉంటుంది, ఇంట్లో మాటా మెత్తగా ఉంటుంది.