యంత్రము మేలుకొనువేళ

మీట నొక్కగానే కంప్యూటరు పనిచేయ నారంభించునని మనము తలంతుము. నిజమునకు మీట నొక్కుటకును, తెరపై మొదటి యక్షరము కనబడుటకును నడుమ జరుగు వ్యవహార మెంతో కలదు. ఆ నడిమి కాలమున యంత్రమును నడపు కార్యక్రమమును ఫర్మ్‌వేరు అందురు. అందులో ఒక పంక్తి మార్చిన తరువాత యంత్రము మేలుకొనకపోయినచో కారణము నెట్లు వెదకవలయునో, దొరకిన చికిత్సను ఎంతవఱకు నమ్మవచ్చునో నేడు కొంత చెప్పదలచితిని.

మామూలు కార్యక్రమము విస్తరి వేసి నీళ్లు పెట్టిన తరువాత వచ్చి కూర్చుండు అతిథి వంటిది. ఫర్మ్‌వేరున కట్టి భోగము లేదు. పొయ్యి రాజవేయుట మొదలు దానిదే పని. ప్రోసెసరు మేలుకొనిన క్షణమున పెద్ద మెమరీ యింకను పనికి రాదు. దాని కాలనియమములను సరిచేయువఱకు చిప్పులోనే యుండు కొద్దిపాటి మెమరీతో సరిపెట్టుకొనవలెను. తెర లేదు, డిస్కు లేదు. తప్పు జరిగినచో చెప్పుకొనుటకు నోరును లేదు.

ఈ మూగతనమునకు పూర్వులు కొన్ని యుపాయములు కనిపెట్టిరి. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు తొలి పరీక్షలలో లోపము కానవచ్చినచో స్పీకరునుండి కూతలు పెట్టెడిది. 1984 నాటి ఏ.టి. యంత్రము పరీక్షలు జరుపుచు ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క సంఖ్యను ఒక నియతమైన పోర్టునకు పంపెడిది. రెండంకెలు చూపు చిన్న కార్డు నొకదానిని యంత్రములో గ్రుచ్చినచో, అది యే సంఖ్యకడ ఆగిపోయెనో తెలిసెడిది. నేటి చిన్న బోర్డులపై నీ పనిని ఒక ఎల్.ఇ.డి. దీపమో, మూడు తీగెల సీరియల్ పోర్టో చేయుచున్నది.

ఇక నాకు అనుభవమైన సంగతి. అది 64 బిట్ల ఆర్మ్ ప్రోసెసరు గల చిన్న బోర్డు. పొలముల నడుమ స్తంభములపై బిగింపబడు పెట్టెలలో నుండవలసినది. ఫర్మ్‌వేరు చెడినచో ఎవరైన నిచ్చెన వేసికొని యెక్కి పెట్టె విప్పవలసినదే. అందులోని ఫర్మ్‌వేరు యూ-బూట్. 2002లో ఆ పేరు దాల్చి, నేడు లెక్కలేనన్ని బోర్డులపై నడచుచున్నది. మొదట దాని చిన్న దశ యొకటి వచ్చి పెద్ద మెమరీని సిద్ధపఱచి, అసలు యూ-బూట్‌ను అందులోనికి తెచ్చి, దానికి పగ్గము లప్పగించును.

నేను చేసిన మార్పు మిక్కిలి స్వల్పము. గడియారపు వేగమును, అనగా సెకనుకు ఎన్ని టిక్కులో, ప్రతిమాఱు అడుగనేల, ఒకసారి యడిగి ఒక స్టాటిక్ చరరాశిలో దాచుకొందమని తలంచితిని. చరరాశి సున్నగా నున్నచో అడిగి నింపవలెను. లేనిచో ఉన్నదానిని వాడుకొనవలెను. ఏ ప్రోగ్రామరును దీనిని తప్పు పట్టడు. కొత్త ఫర్మ్‌వేరు ఎక్కించి మీట నొక్కితిని. చిన్న దశ తన పంక్తులు ముద్రించెను. తరువాత నిశ్శబ్దము.

ఇట్టిచోట మొదట చేయవలసినది పాత ఫర్మ్‌వేరును తిరిగి యెక్కించి చూచుట. అది పలికినచో కేబులును, విద్యుత్తును శంకింప బనిలేదు. మార్పులు పెక్కు అయినచో వానిని సగమునకు విభజించుచు పరీక్షింపవలెను. 1024 మార్పులలో దోషి యొకటి యున్నను 10 పరీక్షలతో చిక్కును. నాకు మార్పు ఒకటే గనుక ఆ శ్రమ తప్పినది. పిదప అక్షరములు నాటితిని. చిన్న దశ సీరియల్ పోర్టును అప్పటికే తెఱచి పోయినది గాన, దాని పంపు రిజిస్టరులో సూటిగా ఒక్కొక్క యక్షరము వ్రాసిన చాలును. ఇతర సరంజామా ఏమియు నక్కఱలేదు. ఏ వచ్చెను, బీ వచ్చెను, సీ రాలేదు. ఆ రెంటి నడుమ నున్నది విద్యుత్తు చిప్పు స్థిరపడుటకై కొంతకాలము వేచియుండు భాగము.

ఇంతలో రెండు వింతలు జరిగినవి. మఱింత సమాచారము రాబట్టుదమని సందేశములను విస్తరించు నొక సదుపాయమును చేర్చి మఱల కట్టగా, బోర్డు చక్కగా మేలుకొనెను! దానిని తీసివేయగా మఱల మూగవోయెను. ఆ మూగబోర్డును అట్లే విడిచి మీటరు తెచ్చుటకు పక్కగదికి పోయి వచ్చునప్పటికి, తెరపై యూ-బూట్ ప్రాంప్టు కనబడుచుండెను. అది చావలేదు, వేచియున్నది. నేను ప్రతిసారియు పది సెకన్లకే విసిగి మీట కట్టివేయుచుంటిని.

ఆ వేగపు చరరాశిలో ఏమున్నదో పంపు రిజిస్టరు గుండ ముద్రించి చూచితిని. ఉండవలసినది 2,40,00,000. ఉన్నది 3,99,28,49,872. షోడశాంకములలో ఇది ఈ-డీ-ఎఫ్-ఈ-సున్న-డీ-డీ-సున్న. ఈ నాలుగు బైట్లను కడనుండి మొదటికి త్రిప్పి చదివినచో డీ-సున్న-సున్న-డీ-ఎఫ్-ఈ-ఈ-డీ యగును. ఫర్మ్‌వేరు పని చేయువారికి ఇది చిరపరిచితమైన ముఖము. డివైస్ ట్రీ యను పట్టిక మొదట నుండు గుర్తు ఇదియే. బోర్డుపై నేయే పరికరములు ఎచ్చటెచ్చట గలవో తెలుపు పట్టిక యది.

ఆ పట్టికలోని గుర్తు నా చరరాశిలోనికి ఎట్లు వచ్చెను? విలువ యీయక ప్రకటించిన స్టాటిక్ చరరాశులకు ఫైలులో స్థలముండదు. వాని చిరునామాలు ఫర్మ్‌వేరు ముగిసినచోట మొదలగును. డివైస్ ట్రీని గూడ సరిగా అచ్చటనే అంటించుదురు. పెరటిలో ముందుముందు కొట్టు కట్టవలెనని విడిచిన జాగాలో ప్రస్తుతము వడ్లబస్తాలు పేర్చినట్లన్నమాట. యూ-బూట్ తన పని కొంత సాగిన తరువాత మెమరీ పైకొనకు మకాము మార్చి, పట్టికను వేఱుచోటికి చేర్చి, అప్పుడు గాని చరరాశుల అఱలను సున్నలతో నింపదు. అంతవఱకు వానిని ముట్టరాదని దాని పత్రములలోనే వ్రాసియున్నది. నేను చదివి మఱచితిని.

ఇక వింతలు విడిపోయినవి. నా చరరాశి పట్టిక మొదటి గడిపై పడినది. అది సున్న కాదు గనుక, అందలి గుర్తునే వేగమని నమ్మి 166 రెట్లు వేచెను. ఒక సెకను కావలసినది 2 నిమిషముల 46 సెకన్లాయెను. సందేశముల సదుపాయమును చేర్చినప్పుడో, దాని సొంత చరరాశులు ముందు చేరి నా దానిని 28 బైట్లు వెనుకకు నెట్టినవి. పట్టికలో 28వ బైటుకడ, ఏ ప్రోసెసరుతో బూట్ అయ్యెనో తెలుపు గడి యున్నది, అందు సున్న. అందుచేత నా కోడు సరియైన వేగము నడిగి, ఆ గడిలో దానిని వ్రాసి పాడుచేసెను. ఆ బోర్డుపై ఆ గడి నెవరును చదువరు గనుక అంతయు క్షేమముగా కనబడెను.

ఆ సదుపాయమును అట్లే యుంచి పంపివేయుదమని మాలో ఒకరు సలహా చెప్పిరి. బోర్డు మేలుకొనుచున్నది గదా యని వారి వాదము. గడువు దగ్గఱపడినందున నాకును మనసు లాగినమాట నిజము. కాని తరువాతి మార్పుతో అఱలు ఇంకొక నాలుగు బైట్లు జరిగినచో, ఆ చరరాశి ఏ గడిపై పడునో యెవరు చెప్పగలరు? సీరియల్ పోర్టు చిరునామాపై పడవచ్చును, మెమరీ పరిమాణముపై పడవచ్చును. అప్పటికి పెట్టెలు స్తంభముల పైనుండును.

మకామునకు ముందు దాచుకొనవలసినవి యున్నచో వానికై యూ-బూట్ వేఱుగా ఒక నిర్మాణము నేర్పఱచినది. 64 బిట్ల ఆర్మ్‌పై దాని చిరునామా ఎక్స్-18 అను రిజిస్టరులో నుండును. నా విలువను అందులో చేర్పవచ్చును. కాని ఆలోచించి చూడగా, గడియారపు వేగమును ఈ ప్రోసెసరు ఒక ప్రత్యేక రిజిస్టరులో నిలిపియుంచును. దానిని చదువుట ఒక్క ఆదేశము పని. నేను ఆదా చేయబోయినది ఏమియు లేదు. చరరాశిని తీసివేసి, ఎప్పటివలె రిజిస్టరునే యడుగునట్లు చేసితిని. పిదప మ్యాపు ఫైలు తెఱచి, మకామునకు ముందు నడచు మా కోడులో మఱి యే చరరాశియైనను ఆ అఱలలో నున్నదేమో యని ఒక్కొక్క పేరే చూచితిని. ఇంకొకటి దొరకినది. అది మఱియొకరు ఎన్నడో వ్రాసినది. అదృష్టవశమున అంతవఱకు సున్నపై పడుచు వచ్చినది.